పొట్లం మీది ముఖం

“కరెంటు పోయిందా అక్కా?” పక్కింటి చంద్రకాంతమ్మ గోడ మీదినుంచి తల ఎత్తి అడిగింది.

“ఉండాది,” అంది చౌడేశ్వరమ్మ.

“మీ మగ్గాలు ఆడలేదే మరి?”

చౌడేశ్వరమ్మ బిందె సర్దుతున్నట్టు వంగింది. చంద్రకాంతమ్మ కొంచెంసేపు చూసి, ఇక జవాబు రాదని తెలుసుకొని తల దించుకుంది.

నగరిలో ఆ వీధిలో కరెంటు ఉండగా మరమగ్గాలు ఆగాయంటే ఇంట్లో చావన్నా జరిగి ఉండాలి, పెళ్ళన్నా జరుగుతూ ఉండాలి. తులసీరాం ఇంట్లో రెండూ జరగలేదు. ఆదివారం సాయంత్రం అతను మగ్గాల కొట్టంలో స్విచ్చి ఆపి, చాప పరుచుకొని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అప్పటినుంచి స్నానానికీ, రెండు ముద్దలు తినడానికీ తప్ప లేవలేదు. పెళ్ళాంతో మాట లేదు. కూతురితో మాట లేదు. అన్నం చాలనుకుంటే పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టేవాడే గానీ నోరు తెరిచి చాలు అనేవాడు కాదు.

ఆ కూతురు, హేమశ్రీ, వంటింటి గోడకు ఆనుకొని చింతపండులో గింజలు తీస్తోంది. తీయమని ఎవరూ చెప్పలేదు. తిరుపతి కాలేజీ హాస్టల్ నుంచి మోసుకొచ్చిన బ్యాగు మాత్రం, వచ్చిన రోజు ఎక్కడ దించిందో అక్కడే, నడిమింటి గడప పక్కన ఉంది. లోపల పెడితే చదువు ఆగిపోయిందని ఒప్పుకున్నట్టు. వీధి గుమ్మంలో పెడితే బిడ్డను పొమ్మన్నట్టు. అందుకని ఇంటిల్లిపాదీ దాన్ని దాటుకొని తిరుగుతున్నారు.

“చాలు లేమ్మా. చేతులు నానిపోతాయి,” అంది చౌడేశ్వరమ్మ.

“ఊరికే కూసోని ఏం చేసేది?”

ఈ పాటికి ఆ పిల్ల కాలేజీ మైదానంలో ఉండాలి. కోయంబత్తూరులో కాలేజీల కబడ్డీ పోటీలు. అమ్మాయిల జట్టు ఈ మధ్యాహ్నమే బస్సులో బయలుదేరుతోంది. ఆ జట్టుకు కెప్టెన్ హేమశ్రీ. పోయిన వారం దాకా.

వీధి చివర కంపెనీ బస్సు ఆగిన చప్పుడైంది. శ్రీ సిటీలో రాత్రి షిఫ్టు దిగి యువరాజ్ వచ్చాడు. చెల్లెలి బ్యాగు దాటి, తన బ్యాగు కొక్కేనికి తగిలించి, చొక్కా కూడా విప్పకుండా నేల మీద కూలబడ్డాడు.

“నాయన లేచినాడా?”

“లేదు.”

“సునీల్‌కుమార్‌కి ఫోను చేస్తానే ఉండాను. నిన్నటినుంచి ఎత్తడం లేదు.” కళ్ళు రుద్దుకున్నాడు. “పిచ్చాటూరు దావలో బోర్డు ఉండాది గదా, బస్సు ఆడికొస్తే అందురూ నా దిక్కు తిరుగుతారు. పోయిన నెలంతా మా చెల్లెలు, మా చెల్లెలు అని నేనే సూపించినా. ఇప్పుడు నిద్రపోతున్నట్టు కండ్లు మూసుకుంటా ఉండాను.”

హేమశ్రీ చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది.

ఆ బోర్డు ఎంత పెద్దదంటే, కింద నిలబడితే మెడ నొప్పి పుడుతుంది. కాలేజీ పేరున్న జెర్సీలో హేమశ్రీ గాలిలోకి ఎగిరి గీత వైపు చెయ్యి చాచి ఉంటుంది. పక్కన ‘గజబలం సత్తుమావు’ అని ఏనుగంత అక్షరాలు. తిరుత్తణి దగ్గర చిన్న మిల్లు పెట్టి, గింజలు వేయించి పిండి పట్టించి పొట్లాలు కట్టే సునీల్‌కుమార్, పోయిన ఏడాది పోటీల్లో హేమశ్రీ ఆట చూసి ఇంటికే వచ్చాడు. ఫోటో దించుతామన్నాడు, మంచి డబ్బే ఇస్తామన్నాడు. ఆ పొద్దు తులసీరాం నూలు కోసం సేలం పోయి ఉన్నాడు. తిరుత్తణికి కూతురిని వెంటబెట్టుకొని పోయింది చౌడేశ్వరమ్మే. సునీల్‌కుమార్ ఆమెను ‘అక్కా’ అన్నాడు, కుర్చీ వేశాడు, బొండాం కొట్టించాడు. ఆ డబ్బుతో హేమశ్రీ మంచి బూట్లు కొనుక్కుంది, కడుపునిండా గుడ్లు తింది, మిగిలింది బ్యాంకులో వేసుకుంది. ఆ తర్వాత ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా ‘నాయన్ని ఏమీ పంపొద్దని చెప్పు’ అనేది. ఆ మాట వినడానికి తల్లికి ఎంత హాయిగా ఉండేదో.

యువరాజ్ లేచి కొట్టం తలుపు దగ్గరికి పోయాడు.

“నాయనా, లేయి. కాలేజీ నుంచి దొరస్వామి సారు వస్తా ఉండాడు. ఆయన ముందర ఇట్ల పడుకోనుంటే బాగుంటాదా?”

గోడవైపు నుంచి గొంతు వచ్చింది. ఆదివారం తర్వాత అతని నోటినుంచి అదే మొదటి మాట.

“సత్తుమావు కలిపియ్యి ఆయనకి.”

“ఏం తప్పు జేసిందని నాయనా? దొంగతనం జేసిందా? ఆడింది. ఆట బాగుందని వాడొచ్చి ఫోటో తీసుకున్నాడు.”

“టీ అంగట్లో నన్ను ఏమంటా ఉండారో తెలుసా నీకు?”

“మునెయ్య మామ మాట గదా. ‘సత్తుమావూ, రాప్పా’ అంటాడు. అననీ. వాడు నన్ను గూడా అంటాడు. దానికే మగ్గాలు ఆపుకుంటే రేపు గుడ్డ అడిగితే యజమానికి ఏం జెప్పేది?”

తులసీరాం లేచి కూర్చున్నాడు. నెరిసిన గడ్డం, చాప అచ్చులు పడిన చెంప. కొడుకు వైపు చూడలేదు. ఎదురుగా ఆగిపోయిన మగ్గం వైపు చూస్తూ మాట్లాడాడు.

“మునెయ్య అన్నదానికి కాదురా. ఆదివారం మార్కెట్టుకు పోయినా. ఆడ కాలవ పక్కన కుప్పలో ఖాళీ పొట్లం పడుండాది. పందులు కెలకతా ఉండాయి. పొట్లం మీద నా బిడ్డ మొగం. తీద్దామని వంగినా. ఎన్నని తీసేది? ఆ పక్కన ఇంకొకటి.”

వంటింట్లో హేమశ్రీ చింతపండు పళ్ళెం పక్కకు జరిపి, మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. చౌడేశ్వరమ్మ పొయ్యి వెలిగించబోయి అగ్గిపుల్ల వేళ్ళ దాకా కాలనిచ్చింది.

తనే పోయింది కదా వెంట. బొండాం తాగింది కదా.

దొరస్వామి సారు వచ్చేసరికి ఎండ నడిమింటి దాకా వచ్చింది. ఆయన కాలేజీలో పీడీ. ఆటలు నేర్పడం, పిల్లలను పోటీలకు తీసుకుపోవడం ఆయన పని. యాభై దాటిన మనిషి, మెడలో విజిల్ తీయడం కూడా మరిచిపోయి బస్సెక్కినట్టున్నాడు. ఆయన వెనకాల ఇంకో అమ్మాయి. నల్లగా, గట్టిగా, ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చే కుట్ల మచ్చతో.

“మోహనా!” హేమశ్రీ లేచి రెండడుగులు వేసి ఆగిపోయింది. మోహన ఎదురు రాలేదు.

ఐరాల దగ్గర పల్లె మోహనది. వాళ్ళ నాయన చెరుకు పండిస్తాడు. మూడేళ్ళుగా హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. సెలవులకు ఈ ఇంటికి వచ్చినప్పుడు వాకిట్లోనుంచే ‘అత్తా, ఆకలి’ అని కేకవేసే పిల్ల, ఇప్పుడు పరాయిదానిలా గోడ పక్కన నిలబడింది.

చౌడేశ్వరమ్మ మజ్జిగ తెచ్చింది. దొరస్వామి సారు చాపమీద కూర్చొని గ్లాసు పట్టుకున్నాడే గానీ తాగలేదు.

“కరస్పాండెంట్ గారు పంపిస్తే వచ్చినానమ్మా,” అన్నాడు. “బోర్డులు తీసేయించాలంట. తీసుకున్నది వాపసు ఇచ్చేయాలంట. తప్పయిందని సంతకం పెట్టాలంట. లేకపోతే జట్టులో చోటు లేదు, ఫీజు రాయితీ లేదు అన్నాడు.”

“తీసుకోకూడదని ఏమన్నా రూలు ఉండాదా సార్?” యువరాజ్ అడిగాడు.

“లేదప్పా. ఇప్పుడు రాసినారు.”

“ఇప్పుడు రాసి, అప్పుడు చేసిందానికి శిక్షా?”

“ఆయన మాట కూడా సెప్తా ఇను. జెర్సీ కాలేజీది. దాని మీద పేరు కాలేజీది. ఫీజు లేకుండా చదివించేది, అన్నం పెట్టేది, నాకు జీతమిచ్చి ఈ పాపకు ఆట నేర్పించింది కాలేజీ. అన్నీ మావి వాడుకోని డబ్బు మాత్రం ఆమె తీసుకుంటే ఎట్ల అంటాడు. దాంట్లో గూడా రవంత న్యాయం లేకపోలేదు.”

“సార్,” అంది హేమశ్రీ. గొంతు చాలా మెల్లగా ఉంది. “అడ్మిషన్ల ఫ్లెక్సీల మీద ఉండేది ఎవురు సార్? రేణిగుంట నుంచి చంద్రగిరి దాకా కరెంటు స్తంభానికొకటి కట్టినారు. నన్ను అడిగి కట్టినారా?”

“అది కాలేజీ కోసం కదమ్మా.”

“ఇది నా కోసం సార్.”

దొరస్వామి సారు మజ్జిగ ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టాడు.

“నువ్వు చెప్పేది తప్పని నేను అనలేదు తల్లీ. నేను చెప్పేది నా మాట కాదు. నేను మోసుకొచ్చిన మాట. అంతే.”

వీధిలో మిగతా ఇళ్ళ మగ్గాలు టకటకమని ఆడుతున్నాయి. ఆ చప్పుడులో పుట్టి పెరిగిన చౌడేశ్వరమ్మకు, అది పక్కింట్లోనుంచి మాత్రమే వినపడడం ఏదో జబ్బులా ఉంది.

“నేనొకటి అడగొచ్చా?” మోహన గోడ దగ్గరినుంచే అంది.

“అడుగు,” అంది హేమశ్రీ.

“ఆ బోర్డు మీద నువ్వు ఎగిరింది ఫైనలాటలో ఎగిరినట్టే. ఆ ఆటలో నీ రెయిడ్లు ఎన్నో, నేను పట్టిన పట్లు గూడా అన్నే. కడాకు ఆ పొడుగామెను పట్టినప్పుడే ఇది చీలింది.” కనుబొమ్మ మీద వేలు పెట్టుకుంది. “ఆట అయిపోయినాక అందురం వరసగా నిలబడుంటిమి. ఆ సునీల్‌కుమార్ వచ్చి ఏమన్నాడో గుర్తుండాదా నీకు?”

హేమశ్రీ వేళ్ళకంటిన చింతపండు గోటితో గీక్కుంది.

“‘ఆ తెల్లపాప చాలు’ అన్నాడు. బాగా ఆడిన పాప అనలేదు. కెప్టెన్ అనలేదు. తెల్లపాప అన్నాడు. నువ్వు నవ్వినావు హేమా.”

“ఏం చేయాల్సింది? నేనొద్దంటే మీకు ఇచ్చేవాడా?”

“ఇయ్యడు.”

“మరి?”

“ఇయ్యడని తెలిస్తే మాత్రం కడుపు మండకుండా ఉంటాదా? నువ్వు డబ్బు తీసుకున్నావని కాదు. బూట్లు తెచ్చుకోని గదిలో ఆ మూల, ఈ మూల నడిచి సూసుకుంటివే. ‘ఎట్లుండాయి మోహనా’ అంటివి. బాగుండాయి అంటిని. అంతే నీకు సాలిపోయింది.”

“మోహనా, ఇప్పుడదంతా ఎందుకమ్మా,” అన్నాడు దొరస్వామి సారు అలసటగా.

“ఇప్పుడు గాక ఎప్పుడు సార్? ఆమె రాకపోతే కెప్టెన్ నేనే అని పొద్దున మీరే గదా సెప్పినారు. ఆ మాట నా నోటితోనే ఆమెకి సెప్పాలని వచ్చినా. దొంగ మాదిరి తీసుకోలేను.”

చౌడేశ్వరమ్మ ఒకరి తర్వాత ఒకరి ముఖాలు చూసింది. కూతురిది తప్పని అనలేకపోయింది. ఈ పిల్లది తప్పనడానికీ నోరు రాలేదు. ఎవరో ఒకరిది తప్పయితే తిట్టి, ఏడ్చి, పొయ్యి దగ్గరికి పోవచ్చు.

దొరస్వామి సారు జేబురుమాలుతో మెడ తుడుచుకొని, ఇంకా మిగిలిన మాట ఒకటి బయటికి తీశాడు.

“ఇంకొక దావ గూడా ఉండాది. కరస్పాండెంటే సెప్పినాడు. ఒప్పందం కాలేజీ పేరున మార్చుకోవచ్చంట. కంపెనీ ఇచ్చేది కాలేజీ క్రీడా నిధిలోకి పోతాది. అట్లయితే వాపసు ఇయ్యాల్సిన పని లేదు. ఒక సంతకం పెట్టి హేమశ్రీ కెప్టెన్‌గానే బస్సు ఎక్కొచ్చు.”

“బోర్డు?”

అడిగింది తులసీరాం. ఎప్పుడు వచ్చాడో, కొట్టం గుమ్మానికి చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు.

“బోర్డు ఉండొచ్చు,” అన్నాడు దొరస్వామి సారు.

“పొట్లం మీది బొమ్మ?”

“అదీ ఉండొచ్చు.”

“మరి తప్పు యాడుండాది సార్?”

దొరస్వామి సారు మజ్జిగ గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

“నాలుగు దినాలుగా నా బిడ్డ తప్పు జేసిందని పడుకోనుండా,” అన్నాడు తులసీరాం. మెట్టు దిగి లోపలికి వచ్చి, గడప పక్కన బ్యాగు దాటబోయి ఆగాడు. “ఆట అమ్ముకునిందని. మీ కాలేజీ గూడా అందుకే కోప్పడిందనుకున్నా. అమ్మేదానికి కాదా సార్ కోపం? అమ్మింది మీరు కాదనా?”

“నాయనా,” అంది హేమశ్రీ.

“ఉండు. నేను నేసే గుడ్డ మీద యజమాని ముద్ర పడతాది సార్. మా నాయన నేసిందాని మీద గూడా ఇంకెవురిదో ముద్రే. నా పేరు యాడా ఉండదు. గుడ్డ గదా, పోనీలే అనుకున్నా. ఇది గుడ్డ కాదు. మొగం.”

అంత పొడుగు మాట అతని నోట చాలా ఏళ్ళుగా ఎవరూ వినలేదు. అది అయిపోగానే అతనికే సిగ్గేసినట్టుంది. తువ్వాలు భుజాన వేసుకొని కూతురి వైపు తిరిగాడు.

“నువ్వేం జేస్తావు?”

“తెలీదు నాయనా,” అంది హేమశ్రీ. “అలిసిపోయినా.”

దొరస్వామి సారు ముందు బస్సుకు వెళ్ళిపోయాడు. జట్టు బస్సు మూడింటికి కదులుతుందని, ఏదైనా సరే ఆలోపల చెప్పమని అన్నాడు. గుమ్మం దిగుతూ హేమశ్రీ తల మీద చెయ్యి పెట్టబోయి, ఎందుకో వెనక్కి తీసుకున్నాడు. మోహన కూడా బయలుదేరబోతే చౌడేశ్వరమ్మ అడ్డం నిలబడింది.

“కొట్లాడు, తిట్టు. మా ఇంటికి వచ్చి తినకుండా మాత్రం పోవద్దు.”

సంగటి, పప్పుచారు, ఊరిబిండి పచ్చడి. ఇద్దరు పిల్లలూ ఎదురెదురుగా కూర్చొని తిన్నారు. యువరాజ్ గోడకు చేరగిలబడి కూర్చున్నచోటే నిద్రపోయాడు. పళ్ళెంలో చేతులు ఆడిన చప్పుడు తప్ప వంటింట్లో ఇంకేమీ లేదు. చౌడేశ్వరమ్మ ముద్ద ముద్దకూ ఇద్దరికీ సమంగా నెయ్యి వేసింది. ఏ ఒక్కరి పక్షమూ పట్టలేక అంత జాగ్రత్త పడుతోందని తర్వాత గానీ ఆమెకు తెలియలేదు.

“నువ్వు చెప్పు,” అంది హేమశ్రీ ఉన్నట్టుండి. “సంతకం పెట్టేదా?”

“నన్నడగొద్దు.”

“నిన్ను గాక ఎవర్నడిగేది?”

“నువ్వు వస్తే నేను మామూలుదాన్ని. రాకపోతే కెప్టెన్ని. నా నోట న్యాయం యాడ నుంచి వస్తాది హేమా?” మోహన ముద్ద పిసుకుతూ ఉండిపోయింది. “ఒకటి మాత్రం సెప్తా. ఆ క్రీడా నిధి ఉండాది సూడు. నా కుట్లకి దాంట్లోనుంచి ఇస్తామన్నారు. మా నాయన మూడుతూర్లు తిరిగినాడు. ఇంకా తిరగతానే ఉండాడు.”

హేమశ్రీ చాలాసేపు ఆమె కనుబొమ్మ వైపు చూసింది. మూడేళ్ళు ఒకే గదిలో ఉండి ఈ సంగతి తనకు ఎందుకు తెలియలేదో అడగాలనుకుందేమో. చెయ్యి కడుక్కొచ్చి బ్యాగు భుజాన వేసుకుంది.

“పోతామా? సంతకం పెట్టను. ఎక్కనిస్తే ఆడతా. ఎక్కనీకపోతే ఎక్కనీలేదని అందురి ముందరా సెప్పనీ.”

చౌడేశ్వరమ్మ చీర మార్చుకోవడానికి లోపలికి పోయి వచ్చేసరికి తులసీరాం ఉతికిన చొక్కా వేసుకొని వీధిలో నిలబడి ఉన్నాడు. తను కూడా వస్తున్నానని అతను చెప్పలేదు. ఆమె అడగలేదు.

పుత్తూరు మీదుగా తిరుపతి బస్సు. ఆమె కూతురి పక్కన కూర్చుంది. మోహన ముందు సీట్లో, తులసీరాం వెనకెక్కడో. దారిలో కనబడిన ఫ్లెక్సీలను హేమశ్రీ చూడలేదు. కళ్ళు మూసుకొని తల్లి భుజం మీద తల వాల్చింది. ఆ తల బరువు చౌడేశ్వరమ్మకు చిన్ననాటి బరువులాగే ఉంది. ఈ దారి ఇంకా కొంచెం పొడుగుంటే బాగుండుననుకుంది.

కాలేజీ ఆవరణలో జట్టు బస్సు తలుపు తెరిచి ఉంది. పిల్లలు అప్పటికే ఎక్కి కూర్చున్నారు. హేమశ్రీని చూసి ఒకరిద్దరు చేతులూపబోయి, దొరస్వామి సారు ముఖం చూసి ఆగారు. ఆయన బస్సు మెట్టు మీద నిలబడి ఉన్నాడు.

“సంతకం పెడతావా తల్లీ?”

“పెట్టను సార్. ఆడతా.”

ఆయన మెట్టు దిగలేదు. పక్కకు జరగనూ లేదు. “నేను కాంట్రాక్టోణ్ణి హేమా. ప్రతి జూన్‌లో నన్ను మళ్ళీ పెట్టుకుంటేనే నాకు ఉద్యోగం. నిన్ను ఎక్కించుకుంటే...” మాట పూర్తి చేయలేక విజిల్ తాడు వేలికి చుట్టుకున్నాడు. “నా చేత ఈ పని చేయించొద్దమ్మా.”

హేమశ్రీ తల ఊపింది. ఆమెకు కోపం రాలేదని, అదే మరీ బాధగా ఉందని చౌడేశ్వరమ్మకు అర్థమైంది.

మోహన తన బ్యాగు ఇంకో భుజానికి మార్చుకొని మెట్ల దగ్గరికి పోయింది. ఎక్కేముందు వెనక్కి తిరిగింది.

“ఆ పచ్చ జట్టులో ఎడమచేతి పిల్ల ఉండాది గదా. ఆమె రెయిడ్‌కి వస్తే ఎట్ల పట్టాల?”

“ముందు కాలు చూడొద్దు,” అంది హేమశ్రీ. “నడుము చూడు. నడుము తిరిగిన పక్కకే పోతాది.”

“సరే,” అంది మోహన. ఎక్కేసింది.

బస్సు కదిలింది. గేటు దాటి అలిపిరి వైపు తిరిగేదాకా హేమశ్రీ చూస్తూ నిలబడింది. కొంగుతో ముఖం తుడుచుకొని, చౌడేశ్వరమ్మ కూతురి మోచేయి పట్టుకుంది.

“పా పాపా, ఇంటికి పోదాం.”

“ఇంటికి కాదమ్మా.”

“యాడికి?”

హేమశ్రీ ఆఫీసు భవనం వైపు నడిచింది. “నేను ఆ జట్టు కాదు గదా ఇంక. నా ఫోటోలు తీసేయమని చెప్పి పోదాం.”

చౌడేశ్వరమ్మ గోడ పట్టుకొని ఆగి ఆగి మెట్లెక్కింది. తులసీరాం ఆమెకు నాలుగు మెట్లు వెనకాల, ఆమె ఆగినప్పుడు ఆగుతూ, నడిచినప్పుడు నడుస్తూ వచ్చాడు. బయట కూర్చున్న అటెండరు లేచేలోపలే హేమశ్రీ గది తలుపు తోసింది.

“రామ్మా, రా,” అన్నాడు కరస్పాండెంట్. తెల్లటి చొక్కా, నుదుట తిరునామం, నెమ్మదైన గొంతు. “నేనే కబురు చేద్దామనుకుంటున్నా.”

ఆయన ఎదురుగా కుర్చీలో సునీల్‌కుమార్ కూర్చొని ఉన్నాడు. ముందర సగం తాగిన కాఫీ. చౌడేశ్వరమ్మను చూసి కొంచెం లేవబోయి, కూర్చొని, ఫోన్ లోకి తల వంచుకున్నాడు. ఈసారి అక్కా అనలేదు.

“అంతా సర్దుకుపోయింది లేమ్మా,” అన్నాడు కరస్పాండెంట్. “కంపెనీకీ, కాలేజీకీ ఒప్పందం కుదిరింది. ఇక నీ సంతకం కూడా అవసరం లేదని మా లాయరు అన్నాడు. జెర్సీలో ఉన్న ఫోటో కదా, జెర్సీ మాది. నువ్వు మనసులో ఏమీ పెట్టుకోకుండా చదువుకో. వచ్చే ఏడాది చూద్దాం.”

“అయితే నా మొగం తీసేయండి సార్. ఆయన బోర్డు మీదిదీ, మీ ఫ్లెక్సీల మీదిదీ. జెర్సీ మీరే ఉంచుకోండి.”

సునీల్‌కుమార్ చిన్నగా దగ్గాడు. కరస్పాండెంట్ నవ్వాడు, పిల్లల మాటకు పెద్దవాళ్ళు నవ్వినట్టు. “అచ్చయినవాటిని ఎట్లా తీస్తామమ్మా? అలసిపోయి ఉన్నావు. నాయనతో ఇంటికి పో. నెమ్మదిగా ఆలోచించు.”

తులసీరాం ఏదో అనబోయాడు. హేమశ్రీ వద్దన్నట్టు చెయ్యి చూపి, గోడ పక్కన ఉన్న కుర్చీ లాక్కొని బల్ల ముందుకు తెచ్చింది. ఆ గదిలో విద్యార్థులు కూర్చోవడం ఉండదని వాకిట్లో అటెండరు ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఆమె కూర్చుంది.

“తీయిస్తామని మీరు చెప్పేదాకా ఈడే ఉంటా సార్.”

ఇంకా రెండు కుర్చీలు గోడ పక్కన ఉన్నాయి. చౌడేశ్వరమ్మకు వెనకనుంచి మొగుడి గొంతు వినబడింది. బొంగురుగా, కొత్తవాడి గొంతులా.

“మేయ్, నువ్వు గూడా కూసో.”

ఆమె కూర్చుంది. అతను ఇంకో కుర్చీ లాక్కున్నాడు.

సునీల్‌కుమార్ ఫోన్ బల్ల మీద బోర్లించి కరస్పాండెంట్ వైపు చూశాడు. కరస్పాండెంట్ ముఖంలో నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం వాకిట్లో ఉన్న అటెండరు మీదికి పోయాయి. బల్ల కిందికి చెయ్యి పోనిచ్చి గంట నొక్కాడు.